వజ్రం, పలుగురాయి, గాజు: తేడా అమరికలోనే

తొలకరి జల్లు పడి దుక్కి నేల కాస్త కడిగినట్టయ్యే రోజుల్లో కర్నూలు జిల్లా తుగ్గలి, మద్దికెర మండలాల చేలల్లో తలలు వంచుకుని నడిచే మనుషులు కనిపిస్తారు. జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి చుట్టుపక్కల ఎర్రనేలల్లో వజ్రాలు దొరకడం కొత్త సంగతి కాదు. ఒక్క రాయి దొరికినా అప్పులు తీరిపోతాయన్న ఆశతో పొరుగు జిల్లాల నుంచి సద్ది కట్టుకుని జనం రావడమూ కొత్త కాదు. నేలలో ఏదో తళుక్కుమంటుంది. వంగి తీస్తారు, కొంగుతో మన్ను తుడుస్తారు, ఎండకు పట్టి చూస్తారు. చాలాసార్లు అది పలుగురాయి. అప్పుడప్పుడు అది ఎన్నడో పగిలిన సోడాబుడ్డి పెంకు, ఏళ్ళ తరబడి మన్నులో దొర్లి అంచులు అరిగి గులకరాయి రూపం తెచ్చుకున్నది. ఎప్పుడో ఒకసారి వజ్రం.

మూడూ వెలుగును లోపలికి రానిచ్చేవే, మూడూ మెరిసేవే. అయినా ఒకదాన్ని గుడ్డలో మూటగట్టి దాచుకుంటారు, ఒకదాన్ని గట్టు మీదికి విసిరేస్తారు, మూడోది కాలికి గుచ్చుకుంటుందని తిట్టుకుంటారు. ఈ తేడాకు కారణం మెరుపులో లేదు, రంగులో లేదు, పూర్తిగా పదార్థంలో కూడా లేదు. లోపల అణువులు ఏ తీరులో కూర్చున్నాయన్న దానిలోనే చాలావరకు ఉంది.

ముందుగా మాటల చిక్కు ఒకటి విప్పుకోవాలి. తెలుగులో స్ఫటికం అనగానే స్ఫటిక మాల, స్ఫటిక లింగం గుర్తుకొస్తాయి. అంటే నిర్మలంగా ఉన్న పలుగురాయి. ఆ మాటే నోట అరిగి పటిక అయింది, మంగలి అంగట్లో గడ్డం గీశాక రాసే తెల్లటి గడ్డకు పేరయింది, పటికబెల్లంలోనూ నిలిచింది. శాస్త్రం ఈ మాటను ఇంకా విశాలంగా వాడుతుంది: అణువులు ఒక క్రమంలో కూర్చుని, ఆ క్రమం అన్ని దిక్కులా తప్పకుండా మళ్ళీమళ్ళీ వస్తూ పోయే ఘనపదార్థం ఏదైనా స్ఫటికమే. ఆ లెక్కన పలుగురాయి స్ఫటికం, ఉప్పు స్ఫటికం, పంచదార స్ఫటికం, వజ్రమూ స్ఫటికమే. దుకాణాల్లో క్రిస్టల్ పేరుతో అమ్మే ఖరీదైన గ్లాసులు, పూలకుండీలు మాత్రం స్ఫటికాలు కావు, అవి గాజు. కాబట్టి వజ్రం, స్ఫటికం, గాజు అని మూడు జాతులుగా విడదీయడం పైపైన సబబుగా తోచినా లోపలికి వెళ్తే నిలవదు. క్రమం ఉన్నవి ఒకవైపు, క్రమం లేనిది ఒకవైపు. వజ్రం, పలుగురాయి రెండూ మొదటి గట్టునే ఉన్నాయి.

క్రమం అంటే ఏమిటో చూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు, తిరునాళ్ళ అంగళ్ళు చాలు. చిక్కటి పంచదార పాకంలో దారం వేలాడదీసి రోజుల తరబడి కదపకుండా ఉంచితే పటికబెల్లం కడుతుంది. ఒక పలుకు తీసి చూస్తే దానికి నున్నటి చదును ముఖాలు, నిక్కచ్చి అంచులు కనిపిస్తాయి. ఎవరూ చెక్కకుండానే ఆ ముఖాలు ఏర్పడ్డాయి, ఎందుకంటే పాకంలోని చక్కెర అణువులకు ఒక్కొక్కటిగా వచ్చి తమ చోట సర్దుకోవడానికి సమయం చిక్కింది. అదే పంచదారను కరిగించి, తిరుగుతున్న గిన్నె సన్నటి రంధ్రాల్లోంచి గాలిలోకి విసిరితే పీచుమిఠాయి అవుతుంది. కరిగిన చక్కెర క్షణంలో చల్లబడుతుంది, అణువులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి, చోటు వెతుక్కునే వ్యవధి ఉండదు. శాస్త్రార్థంలో పీచుమిఠాయి పోగు చక్కెరతో చేసిన గాజు. కాసేపు గాలి తేమ తగిలితే అది జిగటగా మారి కుదించుకుపోవడం అందరూ చూసేదే. బిగుసుకున్న అణువులకు తేమ కాస్త కదలిక ఇవ్వగానే అవి తిరిగి క్రమంలోకి జారుకోవడం మొదలుపెడతాయి. పదార్థం ఒకటే, చక్కెరే. ఒకటి స్ఫటికం, ఒకటి గాజు.

పలుగురాయికీ గాజుకూ ఉన్న చుట్టరికం కూడా సరిగ్గా ఇలాంటిదే. రెండింటికీ మూలం సిలికా, అంటే సిలికాన్, ఆక్సిజన్ల కలయిక. ఒక సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ప్రతి ఆక్సిజన్ రెండు సిలికాన్లకు ఉమ్మడి. పలుగురాయిలో ఈ నాలుగు మూలల గూళ్ళు మెట్ల చుట్టులా తిరుగుతూ, ఎంత దూరం పోయినా అదే వరస తప్పకుండా పేర్చి ఉంటాయి. ఆ వరసే బయటికి ఆరు పలకల స్తంభంగా, మొనదేలిన కొసగా కనిపిస్తుంది. గాజులో గూళ్ళు అవే, సిలికాన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య దూరమూ దాదాపు అదే. ఒక గూటికీ పక్క గూటికీ మధ్య ఉండే కోణం మాత్రం చోటుకొక తీరుగా మారుతుంది. దగ్గరలో క్రమం ఉంటుంది, దూరం పోయేసరికి చెదిరిపోతుంది. గాజు నిర్మాణానికి ఈ చిత్రాన్ని 1932లో జకారియాసెన్ అనే శాస్త్రవేత్త ఇచ్చాడు; ఇప్పటికీ అర్థం చేసుకోవడానికి అదే ఆధారం.

మనిషి చేసే మామూలు గాజులో సిలికా సుమారు 70 శాతం. సిలికా ఒక్కటే కరగాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం దాకా వేడి కావాలి. సోడా కలిపితే సోడియం వెళ్ళి గూళ్ళ మధ్య వంతెనలను అక్కడక్కడ తెంచుతుంది, కరగడం సులువవుతుంది. కానీ సోడా, సిలికా మాత్రమే ఉన్న గాజు నీటిలో కరిగిపోతుంది గనుక సున్నం కూడా చేర్చవలసి వచ్చింది. ఇలా తయారైన గాజుకు మంచుగడ్డకు ఉన్నట్టు ఒక కచ్చితమైన ద్రవీభవన స్థానం ఉండదు. లక్క గాజులు చేసేవారు నిప్పుసెగకు లక్కను చూపినప్పుడు అది మెల్లగా మెత్తబడి, సాగి, చెప్పినట్టు వంగడం తెలిసిందే. గాజు కూడా 550 డిగ్రీల ప్రాంతంలో బిగువు సడలి, 700 దాటాక మెత్తబడి, ఇంకా పైకి పోతే తేనెలా జారుతుంది. ఫిరోజాబాద్ కొలిమిలో కడ్డీకి చుట్టి తీసే చేతిగాజులు కర్నూలు అంగళ్ళకు రాగలుగుతున్నాయంటే ఈ గుణం వల్లనే. (పదార్థానికీ ఆభరణానికీ తెలుగువారు ఒకే మాట వాడుకుంటున్నారు, గాజు అంటే పదార్థం, గాజులు అంటే చేతికి వేసుకునేవి.) గాజు నిజానికి ద్రవమేననీ, పాతకాలపు కిటికీ అద్దాల అడుగు మందంగా ఉండడానికి అది శతాబ్దాలుగా కిందికి కారడమే కారణమనీ ఒక మాట ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. ఆ అద్దాలు తయారీలోనే ఎగుడుదిగుడుగా వచ్చినవి. మామూలు వేడిమిలో గాజు కారదు.

గాజు మనిషి చేసిందే కానక్కర్లేదు కూడా. దానికి సాక్ష్యం బనగానపల్లె దగ్గరే ఉంది. జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో నేలను తవ్వితే తెల్లటి బూడిద పొర బయటపడుతుంది. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఎగసిన ధూళి రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణించి ఇక్కడ రాలింది. సూక్ష్మదర్శినిలో చూస్తే అది కట్టెల బూడిద వంటిది కాదు, పగిలిన బుడగల గోడల్లాంటి వంపు తిరిగిన గాజు పెంకుల రాశి. కరిగిన శిల ఆకాశంలోకి చిమ్మి ఒక్కసారిగా చల్లబడింది, పీచుమిఠాయిలో చక్కెరకు జరిగినట్టే సిలికాకు జరిగింది. ఆ పొర కింద, పైన రాతి పనిముట్లు దొరకడంతో ఆ ఊరు పురాతత్త్వ పరిశోధనల్లో పేరు పొందింది.

ఆ బనగానపల్లె పేరు మామిడికే కాదు, ఒక శిలకూ ఉంది. కర్నూలు శిలా సమూహం అట్టడుగున ఉండే గులకరాతి పొరను భూగర్భ శాస్త్రం బనగానపల్లె పేరుతోనే పిలుస్తుంది. పలుగురాతి గుండ్లు, రంగురంగుల చెకుముకి జాతి రాళ్ళు ఇసుకతో కలిసి సిమెంటు పోసినట్టు గట్టిపడ్డ ఆ పొరలో వజ్రాలున్నాయి; పూర్వం మునిమడుగు వంటి చోట్ల దానికోసమే గనులు తవ్వారు. 2022 ఏప్రిల్‌లో జరిగిన విభజనతో ఈ ప్రాంతం నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. ఏ జిల్లాలో ఉన్నా, వజ్రం, పలుగురాయి, ప్రకృతి చేసిన గాజు మూడూ నడిచి చూడగలిగేంత దగ్గరలో ఉన్న చోట్లు అరుదు.

వజ్రం కథ వేరే మూలకంతో మొదలవుతుంది. అది శుద్ధ కార్బన్. 1772లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ పెద్ద కటకంతో ఎండను కేంద్రీకరించి వజ్రాన్ని కాల్చి చూశాడు. 1797లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త స్మిత్సన్ టెనెంట్, వజ్రం మండితే వచ్చే వాయువు అంతే బరువు బొగ్గు మండితే వచ్చే వాయువుతో సమానమని తేల్చాడు. పొయ్యిలో బొగ్గు, పెన్సిల్‌లో గ్రాఫైట్, ఉంగరంలో వజ్రం ఒకే మూలకమన్న మాట అక్కడితో స్థిరపడింది. గ్రాఫైట్‌లో కార్బన్ అణువులు పొరలు పొరలుగా, మూడేసి పొరుగులతో ఉంటాయి. ఒక పొర మీద మరో పొర సులభంగా జారుతుంది గనుకనే పెన్సిల్ కాగితం మీద రాస్తుంది. వజ్రంలో ప్రతి కార్బన్ నాలుగు దిక్కుల్లో నాలుగు కార్బన్లను సమాన దూరంలో పట్టుకుని ఉంటుంది, ఆ పట్టు రాయి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తెగదు. ఒక రకంగా మొత్తం వజ్రం ఒకే అణుబంధాల వల. అలాంటి అల్లిక కుదరాలంటే భూమిలో సుమారు 150 కిలోమీటర్లకు పైబడిన లోతుల్లోని ఒత్తిడి కావాలి. అక్కడి నుంచి పైకి తెచ్చేది కింబర్లైట్ అనే శిల, నిట్టనిలువు గొట్టంలా భూమిని చీల్చుకుని వచ్చేది. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణం దానికి పేరిచ్చింది. అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టూ ఉన్న కింబర్లైట్లు సుమారు 110 కోట్ల ఏళ్ళ కిందటివి; వాటిలో ఉండే వజ్రాలు అంతకన్నా పాతవి, ఎందుకంటే కింబర్లైట్ వజ్రాన్ని మోసుకొస్తుందే తప్ప పుట్టించదు.

అమరికలోని ఈ తేడాలు చేతికి, కంటికి ఎలా తెలుస్తాయన్నదే అసలు ఆసక్తి కలిగించే భాగం. కాఠిన్యంతో, అంటే గీతకు లొంగని గుణంతో మొదలుపెడితే, ఖనిజ శాస్త్రవేత్త మోస్ 1812లో ఇచ్చిన వరసలో వజ్రం 10, పలుగురాయి 7, మామూలు గాజు ఐదున్నర ప్రాంతం. ఇవి ర్యాంకులే, కొలతలు కావు. తొమ్మిదో స్థానంలోని కురువిందానికీ (కెంపు, నీలం దాని రకాలే) పదో స్థానంలోని వజ్రానికీ మధ్య ఉన్న దూరం కింది మెట్ల మధ్య దూరం కన్నా ఎన్నో రెట్లు పెద్దది. చేలల్లో ఎక్కువగా వినిపించే పరీక్ష, దొరికిన రాయితో సీసా మీద గీయడం. గీత పడితే వజ్రమని సంబరపడతారు. గాజు మీద పలుగురాయి కూడా గీత పెడుతుంది గనుక ఆ పరీక్ష తేల్చేది, చేతిలో ఉన్నది గాజు పెంకు కాదని మాత్రమే. అదే రాయితో పలుగురాయి చదును ముఖం మీద గీసి చూస్తే కొంత మేలు, అయినా దానితో తేలిపోదు.

ఇంతకన్నా నష్టం చేసే నమ్మకం సుత్తిది. నిజమైన వజ్రం సుత్తి దెబ్బకు పగలదంటారు. గీతకు లొంగకపోవడం ఒక గుణం, దెబ్బకు ఓర్చుకోవడం మరో గుణం. వజ్రం అల్లికలో నాలుగు దిక్కుల్లో, అంటే అష్టముఖి పలకలకు సమాంతరంగా, బంధాల సాంద్రత తక్కువగా ఉండే తలాలున్నాయి. ఆ తలం వెంట దెబ్బ పడితే అది అద్దంలా నున్నగా రెండుగా విడిపోతుంది. పూర్వం వజ్రాలు చీల్చే పనివాళ్ళు కత్తి ఆనించి ఒక్క దెబ్బతో చేసిన పని ఇదే. సుత్తి పరీక్షలో నెగ్గలేదని ముక్కలను పారేసినవారు వజ్రాన్నే పారేసి ఉండవచ్చు. పలుగురాయికి అంత స్పష్టమైన చీలిక తలాలు లేవు, గాజుకు అసలే లేవు. రెండూ గుల్ల లోపలి వంపులా, అలలు అలలుగా విరుగుతాయి. వజ్రాన్ని వజ్రంతోనే కోయాలన్న నానుడి వెనుకా ఈ దిక్కుల సంగతే ఉంది. వజ్రం అన్ని దిక్కుల్లో ఒకే గట్టిది కాదు. సానపట్టే చక్రం మీది వజ్రపు పొడిలో రేణువులు ఎటు పడితే అటు తిరిగి ఉంటాయి గనుక, ఏదో ఒకటి తన గట్టి దిక్కుతో రాయి మెత్తటి దిక్కును తాకుతుంది.

వెలుగు విషయానికి వస్తే, వక్రీభవన గుణకం, అంటే లోపలికి వెళ్ళే వెలుగును పదార్థం ఎంతగా వంచుతుందో చెప్పే సంఖ్య, గాజుకు సుమారు 1.52, పలుగురాయికి 1.54, వజ్రానికి 2.42. మొదటి రెండూ ఎంత దగ్గరో, మూడోది ఎంత దూరమో గమనించదగినది. గాలిలోంచి నిట్టనిలువుగా పడిన వెలుగులో గాజు, పలుగురాయి నాలుగైదు శాతాన్ని తిప్పికొడితే వజ్రం 17 శాతాన్ని తిప్పికొడుతుంది. లోపలికి వెళ్ళిన వెలుగు బయటపడాలన్నా, గాజులో 41 డిగ్రీల లోపు కోణం చాలు, వజ్రంలో 24 డిగ్రీల లోపు ఉండాలి. ఆ ఇరుకు దారి దొరకక కిరణం లోపలే ముఖం నుంచి ముఖానికి తిరిగి చివరికి పైనుంచి బయటికి వస్తుంది. రంగులను విడదీసే శక్తి కూడా పలుగురాయి కన్నా వజ్రానికి మూడు రెట్లు ఎక్కువ. అయితే ఇదంతా సానపట్టిన తర్వాతి వైభవం. చేలో దొరికే ముడి వజ్రం ధగధగలాడదు; గుండ్రబడిన అంచులతో, నూనె రాసినట్టు ఒక మందమైన నిగారింపుతో ఉంటుంది. నిగనిగలాడుతూ కన్ను లాగేది ఎక్కువగా పలుగురాయి ముక్కే. వెతికేవారిని మోసగించేది ఇదే.

ఈ సంఖ్యల అర్థం కంటికి కనబడాలంటే అనంతపురం ఇళ్ళలో కరువులేని వేరుశనగ నూనె చాలు. దాని వక్రీభవన గుణకం 1.47 ప్రాంతం. నూనె పోసిన గ్లాసులో మామూలు గాజు ముక్క వేస్తే అంచులు మసకబారి దాదాపు కరిగిపోయినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే నూనె, గాజు మధ్య వెలుగు తిరిగే అవకాశం వెయ్యిలో ఒక వంతు కూడా లేదు. నిర్మలమైన పలుగురాయీ అలాగే మాయమవుతుంది. వజ్రం మాత్రం ఆ నూనెలోనూ దాదాపు ఆరు శాతం వెలుగును తిప్పికొడుతూ స్పష్టంగా నిలబడుతుంది. నీళ్ళలో వేస్తే వజ్రం కనిపించకుండా పోతుందని చెప్పుకునే మాట పూర్తిగా తలకిందులు.

వేడి విషయంలో తేడా ఇంకా విపరీతం. వజ్రం విద్యుత్తును మోయదు గానీ వేడిని రాగి కన్నా సుమారు ఐదు రెట్లు బాగా మోస్తుంది. తేలికైన అణువులు, బిగువైన బంధాలు, చెదరని క్రమం మూడూ కలవడం వల్ల కంపనం ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డు లేకుండా పోతుంది. గాజులో క్రమం లేదు గనుక కంపనం అడుగడుగునా తడబడుతుంది. పలుగురాయి వేడిని గాజు కన్నా ఆరు నుంచి పది రెట్లు బాగా మోస్తుంది. స్ఫటిక మాల కొనేవారు పూసను పెదవికి తాకించి చూడడంలో అర్థముంది: పలుగురాతి పూస చల్లగా తగులుతుంది, గాజు పూస వెంటనే వెచ్చబడుతుంది. గాజు పూసలో గుండ్రటి గాలిబుడగలూ ఉండవచ్చు, పలుగురాయిలో అవి సాధారణంగా ఉండవు. ఇంకా నమ్మకమైనది కావాలంటే, వెలుగును ఒకే దిక్కు కంపనానికి వడగట్టే పోలరాయిడ్ అద్దాలు రెండింటిని చీకటి కమ్మేలా ఒకదానికొకటి అడ్డంగా పట్టి మధ్యలో పూసను తిప్పితే, దిక్కుకో గుణమున్న పలుగురాయి వెలిగి ఆరుతుంది, అన్ని దిక్కుల్లో ఒకే తీరుగా ఉండే మామూలు గాజు చాలావరకు చీకటిగానే ఉంటుంది.

పలుగురాయికి ఇంకో సుగుణం ఉంది, అది వజ్రానికీ గాజుకూ లేదు. దాన్ని నొక్కితే విద్యుదావేశం పుడుతుంది, విద్యుత్తు ఇస్తే అది అదురుతుంది. 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. చేతి గడియారంలో చిన్న పలుగురాతి పలక సెకనుకు 32,768 సార్లు అదురుతుంది. ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేస్తే ఒకటి వస్తుంది, సెకను ముల్లు ఒక అడుగు వేస్తుంది. గట్టు మీదికి విసిరేసే రాయి జాతికి ఇంత పని ఉందని గుర్తుంచుకోవడం మంచిది.

ఇక అంగళ్ళలో దొరికే పేర్ల సంగతి. క్రిస్టల్ గ్లాసు అంటే సంప్రదాయంగా సీసపు ఆక్సైడు కలిపిన గాజు. ఇంగ్లండులో 1670లలో రావెన్స్‌క్రాఫ్ట్ అనే గాజు వ్యాపారి దీన్ని వ్యాపార స్థాయికి తెచ్చాడు. ఐరోపాలో సీసపు ఆక్సైడు కనీసం 24 శాతం ఉంటేనే లెడ్ క్రిస్టల్ అని రాయాలి. సీసం బరువును, మెరుపును పెంచుతుంది, కోతకు వీలుగా మెత్తబరుస్తుంది. అణువులకు క్రమాన్ని మాత్రం ఇవ్వదు. అమెరికన్ డైమండ్ పేరుతో నగల దుకాణాల్లో ఉండే క్యూబిక్ జిర్కోనియా దీనికి తిరగబడ్డ సందర్భం: అది గాజు కాదు, అచ్చమైన స్ఫటికమే, కానీ వజ్రం కాదు. అదే పరిమాణం గల వజ్రం కన్నా ఇంచుమించు 1.6 నుంచి 1.7 రెట్లు బరువు తూగుతుంది. ప్రయోగశాలలో పెంచిన వజ్రం మాత్రం వజ్రమే. కార్బన్, అల్లిక, కాఠిన్యం అన్నీ అవే. పుట్టిన చోటు వేరు.

నిలకడ విషయంలో లెక్క మరోలా తిరుగుతుంది. భూమి పైభాగపు ఒత్తిడిలో కార్బన్‌కు స్థిరమైన రూపం గ్రాఫైట్, వజ్రం కాదు. మారే దారిలో అడ్డుగోడ చాలా ఎత్తైనది కాబట్టి మాత్రమే వజ్రం కోట్ల ఏళ్ళు వజ్రంగా ఉండిపోతోంది. గాజు పరిస్థితీ అలాంటిదే, దాని అడ్డుగోడ మాత్రం అంత ఎత్తు కాదు. పొలంలో పాతబడ్డ సీసా పెంకు మీద నెమలికంఠం రంగులు కనిపించడం తేమ దాని పైపొరను కొరికిన గుర్తు. అగ్నిపర్వతపు గాజు నీరు తగిలినకొద్దీ బంకమన్నుగా మారుతుంది. తన సహజ స్థితిలోనే ఉన్నది పలుగురాయి ఒక్కటే. అందుకే కొండలు కరిగి, ఇతర ఖనిజాలు మన్నయ్యాక హంద్రీ, పెన్న ఇసుకలో ఎక్కువగా మిగిలేది దాని రేణువులే.